తాగి నడిపి పోయే ప్రాణాలు, జీఎం పంటల భద్రత: ప్రభుత్వం దేన్ని నిజంగా చూస్తోంది?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. తాగి బండి నడిపేవాళ్ళ వల్ల ఏటా వేలమంది చస్తున్నా ప్రభుత్వం మందు అమ్ముకుంటూనే ఉంది, ఒక్క మనిషినీ చంపినట్టు రుజువు కాని జీఎం (జన్యువులు మార్చిన) పంటల్ని మాత్రం పదిహేనేళ్ళుగా కమిటీల్లో నానబెడుతోంది, ఇందులో లాజిక్ ఎక్కడుంది అని అడిగారు. అసలు ప్రమాదం దేంట్లో ఎక్కువ అని కూడా అడిగారు.

నేను టాక్సికాలజీ, అంటే విషాల శాస్త్రం, మనిషిని. మొదట చాలా ఏళ్ళు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో రక్తం, విసెరా (శవం లోపలి అవయవాలు) నమూనాలు చూశాను, తర్వాత జంతువుల మీద ఫీడింగ్ స్టడీలు చేసే చోటికి మారాను. రెండు పక్కలా ఫైళ్ళు ఎలా కదులుతాయో తెలుసు కాబట్టి సూటిగా చెప్తున్నా: మీరు పోల్చిన రెండు అంకెల్లో ఒకటి సగం కూడా లెక్కకు రాని అంకె. రెండోది, ఆ 'సున్నా మరణాలు' అనేది, ఎవరూ సీరియస్‌గా అడగని ప్రశ్నకు జవాబు.

తాగుడు సంగతి ముందు చూద్దాం, అక్కడ చెప్పాల్సింది ఎక్కువుంది.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 'తాగి నడపడం' కింద చూపించింది రెండున్నర శాతం దాకా. 'మితిమీరిన వేగం' కింద చూపించింది 71 శాతం. అదే ఏడాది అమెరికాలో రోడ్డు మరణాల్లో దాదాపు మూడో వంతు, తాగిన డ్రైవర్ ఉన్న ప్రమాదాల్లో జరిగినవే. అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్, మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో అది 30. మన గీత ఇంకా కిందకి ఉంది కాబట్టి మన శాతం పెరగాలి గానీ తగ్గకూడదు. మన దగ్గర అసలు తాగని జనం ఎక్కువే, ఆడవాళ్ళలో మరీ ఎక్కువ, అదంతా ఒప్పుకుంటాను. అది తీసేసినా ఇంత తేడా ఎలా వస్తుంది? శనివారం రాత్రి పదకొండుకి ఏ హైవే పక్క డాబా దగ్గరైనా పది నిమిషాలు నిలబడితే ఆ రెండున్నర శాతాన్ని ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది.

ఆ అంకె ఎలా పుడుతుందో చెప్తాను. ప్రమాదం జరిగితే కారణం రాసేది స్టేషన్ వాళ్ళు. కారణం గడి ఒక్కటే. బండి వేగంగా వచ్చి గుద్దిందని ఎవరో ఒకరు చెప్తారు, అదే 'నిర్లక్ష్యంగా, అతివేగంగా' అని ఎఫ్ఐఆర్‌లో పడుతుంది. తాగాడని రాయాలంటే రుజువు కావాలి, రుజువు కావాలంటే రక్తం తీయాలి. గుద్దినవాడు పారిపోతే తీయడానికి రక్తమే లేదు. 2022లో హిట్ అండ్ రన్‌లో పోయినవాళ్ళే 30 వేల పైచిలుకు. ఆ పారిపోయినవాళ్ళలో ఎంతమంది తాగి ఉండటం వల్లే పారిపోయారో ఏ నివేదికా చెప్పలేదు.

సరే, డ్రైవర్ దొరికాడు, గాయాలతో ఉన్నాడనుకుందాం. రాత్రి పదకొండుకి ప్రమాదం, 108లో ఏరియా ఆసుపత్రికి, అక్కడినుంచి పెద్దాసుపత్రికి రెఫర్, కుట్లూ స్కానింగులూ అయ్యాక తెల్లవారుజామున నాలుగుకి ఎవరికో గుర్తొచ్చి రక్తం తీస్తారు. ఒంట్లో ఆల్కహాల్ గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిపోతుంది, మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. ఐదు గంటల్లో 75 పోయింది. ప్రమాదం టైమ్‌కి 90 ఉన్నవాడు ఇప్పుడు 15కి వచ్చాడు. ల్యాబ్ రిపోర్టు: పరిమితి లోపలే. వెనక్కి లెక్కకట్టి చెప్పొచ్చు, చెప్తాం కూడా, కానీ కోర్టులో డిఫెన్స్ లాయరు 'గంటకి పదా, పదిహేనా, ఇరవయ్యా' అని మొదలుపెడితే ఆ లెక్క ఎంతసేపు నిలబడుతుంది? 185 కింద అరెస్టు చేసినవాణ్ణి రెండు గంటల్లోపు పరీక్ష చేయించాలని, లేకపోతే వదిలేయాలని చట్టంలోనే ఉంది. అంటే ఈ గడియారం సంగతి చట్టం రాసినవాళ్ళకి బాగానే తెలుసు.

ఇంకా చిన్న విషయాలున్నాయి, పేపర్లలో రావు గానీ కేసు మొత్తం వాటి మీదే ఆధారపడుతుంది. రక్తం తీసే ముందు చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడవకూడదు, తుడిస్తే ఆ స్పిరిట్టే కొంప ముంచుతుంది. నమూనా సోడియం ఫ్లోరైడ్ ఉన్న సీసాలో పెట్టాలి, అంటే బూడిదరంగు మూత సీసా, రక్తంలో షుగర్ పరీక్షకి వాడేదే. అది లేకుండా మామూలు సీసాలో పోసి, మూత వదులుగా పెట్టి, కూలింగ్ లేకుండా నాలుగు రోజులు స్టేషన్‌లో ఉంచి పంపితే ఉన్న ఆల్కహాల్ ఆవిరైనా అవుతుంది, లేదా సూక్ష్మజీవులు లేని ఆల్కహాల్‌ని కొత్తగా తయారైనా చేస్తాయి. అలాంటి సీసాలు నా బల్ల మీదకి చాలానే వచ్చాయి. 'నమూనా పరీక్షకు పనికిరాదు' అని రాసి పంపేవాళ్ళం. ఆ కేసులు ఏ గడిలోకి వెళ్ళి ఉంటాయో మీరే ఊహించండి.

డ్రైవరే చనిపోతే ఇంకో చిక్కు. వ్యక్తిగత ప్రమాద బీమాలో తాగి ఉంటే క్లెయిమ్ రాదనే షరతు మామూలుగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఏడుస్తూ వచ్చి 'అది రాయకండి సార్' అంటారు. పోయినవాడి మీద ఎందుకులే అని ఎస్సై కూడా జాలిపడతాడు. నేను ఆయన్ని తప్పు పట్టను. కానీ పోస్టుమార్టంలో రక్తం అడగకపోతే ఆ చావు 'వేగం' గడిలోకే పోతుంది. 2021 నుంచి ప్రమాదాలు నమోదు చేసే ఐరాడ్ అనే ప్రభుత్వ యాప్‌లో ఫోటోలతో, జీపీఎస్‌తో వివరాలు ఎక్కిస్తున్నారు, మంచిదే. రక్తం తీయనప్పుడు యాప్ మాత్రం ఏం చెప్తుంది?

మొన్న 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది చూడండి. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు రోడ్డు మీద పడి ఉన్న బైకు మీదకెక్కింది, మంటలంటుకుని 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ బైకతను అంతకుముందే జారిపడి చనిపోయాడని, తాగి ఉన్నాడని పోలీసులు చెప్పారు, ఫోరెన్సిక్ కూడా అదే తేల్చింది. బస్సు డ్రైవర్ తాగలేదు. మరి ఆ 19 ప్రాణాలు ఏ గడిలో పడాలి? తాగి నడపడమా, అగ్నిప్రమాదమా, బస్సు లోపలి లోపాలా? ఒకే గడి ఉన్న ఫారానికి ఈ ప్రశ్న అర్థం కాదు.

'మరి హైదరాబాద్‌లో అన్ని డ్రంక్ అండ్ డ్రైవ్‌లు పెడుతున్నారు కదా' అంటారు. నిజమే, అది పనికొచ్చే పనే. పట్టుబడితే బండి పోతుంది, కోర్టుకి తిరగాలి, గోషామహల్‌లో ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కి కూర్చోవాలి. 2019 సవరణ తర్వాత మొదటిసారి 10 వేల జరిమానా లేదా ఆరు నెలల జైలు, రెండూ కూడా. రెండోసారి 15 వేలు, రెండేళ్ళ దాకా. చాలామందికి జరిమానా కంటే నాన్న పక్కన కూర్చోవడమే పెద్ద టెన్షన్. కానీ ఇదంతా సిటీ కథ. బ్రీత్ ఎనలైజర్ పట్టుకుని ఎవరూ నిలబడని మండల రోడ్ల మీద, బెల్టు షాపు నుంచి ఇంటికి మూడు కిలోమీటర్లు బైకు మీద, హెల్మెట్ లేకుండా పోయే మనిషి ఈ లెక్కల్లో ఎక్కడా లేడు. పైగా డ్రైవ్‌ల విజయం కొలిచేది పట్టిన కేసుల సంఖ్యతో. ఫలానా రోడ్డు మీద తాగుడు వల్ల చావులు ఎన్ని తగ్గాయని అడిగితే జవాబు చెప్పలేరు, ఎందుకంటే ముందు ఎన్నున్నాయో తెలీదు.

డబ్బు సంగతి కూడా వదలకూడదు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం షాపులకి దాదాపు 90 వేల దరఖాస్తులొచ్చాయి, ఒక్కోదానికి తిరిగి ఇవ్వని ఫీజు 2 లక్షలు. షాపు తలుపు తెరవకముందే 1,800 కోట్ల దాకా ఖజానాకి చేరింది. తెలంగాణలో 2025లో ఫీజు 3 లక్షలు చేస్తే 95 వేల పైచిలుకు దరఖాస్తులు. ఈ ఆదాయం మీద నడిచే ప్రభుత్వమే, ఆ మందు తాగి రోడ్డెక్కినవాడిని ఆపాలి. సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో హైవేలకి 500 మీటర్ల లోపల మద్యం షాపులొద్దంది. ఏం జరిగింది? చాలాచోట్ల ఊళ్ళ మధ్యనుంచి పోయే హైవే ముక్కల్ని 'హైవే కాదు' అని జీవోలిచ్చారు. షాపు కదల్లేదు, రోడ్డు పేరు మారింది. తర్వాత కోర్టే 2017లో దూరం తగ్గించి, పట్టణాలకి మినహాయింపులిచ్చింది.

ఇప్పుడు జీఎం. ఇక్కడ కథ తిరగబడుతుంది, ఎందుకంటే విత్తనం బయటికి రాకముందు చూసే చూపు నిజంగానే గట్టిది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో రూల్స్ వచ్చాయి. సంస్థలో ఒక కమిటీ, దాని పైన బయోటెక్నాలజీ విభాగంలో ఆర్‌సీజీఎం అనే కమిటీ, ఆ పైన పర్యావరణ శాఖలో చివరి అనుమతి చూసే జీఈఏసీ అనే కమిటీ. కొత్త ప్రొటీన్‌ని ఎలుకలకి ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో ఇచ్చి చూస్తారు, 90 రోజుల పాటు మేతలో కలిపి పెట్టి రక్తం, కాలేయం, మూత్రపిండాలు, బరువు అన్నీ రాసుకుంటారు. మేకలు, పాడి ఆవులు, బ్రాయిలర్ కోళ్ళు. ఎలర్జీ కలిగించే ప్రొటీన్లతో పోలికుందా, కడుపులో ప్రొటీన్లని అరిగించే పెప్సిన్‌లో ఎంతసేపట్లో అరిగిపోతుందో చూస్తారు. పుప్పొడి ఎంత దూరం పోతుందో పొలంలో కొలుస్తారు. నా ఉద్దేశంలో ఈ పరీక్షలు అవి అడిగే ప్రశ్నకి బాగానే జవాబిస్తాయి. అమెరికా నేషనల్ అకాడమీస్ 2016లో వందలకొద్దీ అధ్యయనాలు తిరగేసి, మార్కెట్లో ఉన్న జీఎం ఆహారం వల్ల ఆరోగ్యానికి మామూలు ఆహారం కంటే ఎక్కువ ముప్పు ఉందనడానికి నిలబడే ఆధారం లేదంది. నేనూ అదే నమ్ముతాను.

నాకు నచ్చనిది ఒకటే, ఆ డేటా తయారుచేయించేదీ, డబ్బు కట్టేదీ, సమర్పించేదీ విత్తనం అమ్ముకోబోయే సంస్థే. బీటీ వంకాయ, అంటే పురుగుని చంపే బ్యాక్టీరియా జన్యువు పెట్టిన వంకాయ, దగ్గర గొడవ అక్కడే వచ్చింది. జీఈఏసీ 2009 అక్టోబరు 14న సరేనంది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో సభలు పెట్టారు, మన హైదరాబాద్‌లో కూడా. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవని సుప్రీంకోర్టే జీఈఏసీకి పరిశీలకుడిగా పంపింది, ఆయన స్వతంత్ర ల్యాబ్‌లో పరీక్షలు కావాలని గట్టిగా పట్టుబట్టారు. 2010 ఫిబ్రవరి 9న మారటోరియం పడింది. నిషేధం కాదు, ఆపడం. స్వతంత్ర పరీక్షలు అయ్యేదాకా అన్నారు, ఆ 'అయ్యేదాకా' ఇంకా నడుస్తూనే ఉంది. అదే వంకాయని బంగ్లాదేశ్ 2013లో ఒప్పుకుని మరుసటేడు రైతులకిచ్చింది. డీఎంహెచ్-11 అనే జీఎం ఆవాల రకానికి 2022 అక్టోబరులో అనుమతి వచ్చింది, 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు, జాతీయ విధానం తయారుచేయండి అనే దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే మాట. ఇక్కడిదాకా మీ కోపం న్యాయమే. స్వతంత్ర పరీక్ష కావాలనడం సరైన మాట, కావాలని చెప్పి చేయించకపోవడం పాలన కాదు.

అయితే 'నానబెట్టారు' అన్నది పూర్తి నిజం కూడా కాదు. బీటీ పత్తి గింజల నూనె రెండు దశాబ్దాలుగా మన వంటల్లోకి వస్తోంది. 2021 ఆగస్టులో కోళ్ళ దాణా కోసం 12 లక్షల టన్నుల జీఎం సోయా పిండి దిగుమతికి ఒప్పుకున్నారు. 2022లో బయటి జన్యువు పెట్టకుండా జీన్ ఎడిటింగ్ చేసిన మొక్కల్ని ఆ పెద్ద రూల్స్ నుంచి తప్పించారు, దాంతో 2025 మేలో రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి చేసిన 'కమల'ని ప్రకటించారు. ఇది గుమ్మం దగ్గర అంత ఆపే వ్యవహారం కాదు.

అసలు లోటు లోపలికి వచ్చాక. 2002లో బీటీ పత్తికి అనుమతిస్తూ పెట్టిన షరతు: చుట్టూ మామూలు పత్తి వేయాలి, పురుగులో నిరోధక శక్తి పెరగకుండా. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇచ్చేవాళ్ళు. పత్తి రైతు ఇంట్లో మీరెవరైనా ఉంటే తెలుసు, ఆ చిన్న ప్యాకెట్ ఎక్కడికి పోయేదో. గట్టు మీద పడేసేవాళ్ళు. కావాలని ఎవరు వేసుకుంటారండీ పురుగు తినే పత్తిని, కౌలు కట్టిన నేలలో? షరతు పెట్టిన కమిటీ వాళ్ళు వచ్చి చూసింది లేదు. గులాబీ రంగు పురుగు మొదట గుజరాత్‌లో మొదటి తరం బీటీ పత్తి బోల్‌గార్డ్-1కి, తర్వాత రెండో తరం బోల్‌గార్డ్-2కి కూడా లొంగకుండా పోయింది. మళ్ళీ మందు కొట్టుడే. జీఎం వల్ల మన రైతుకి నిజంగా జరిగిన నష్టం ఇది. దీంట్లో చావుల లెక్క లేదు, అప్పుల లెక్క ఉంది.

తర్వాత గడ్డిమందు తట్టుకునే పత్తి, ఊళ్ళలో 'బీజీ-3' అని లూజుగా అమ్మేది. దీనికి దేశంలో అనుమతే లేదు. అయినా ఖమ్మం, ఆసిఫాబాద్ వైపు ఎవరినడిగినా దొరుకుతుందంటారు. ఎలుక మీద పరీక్షలన్నీ చూశాకే అనుమతివ్వాల్సిన విత్తనం ఏ అనుమతీ లేకుండా పొలంలో ఉంది. తెలంగాణ పోలీసులు పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టారు, రెండు తెలుగు రాష్ట్రాలూ 2018లో ఆ పత్తి మీద కొట్టే గడ్డిమందు గ్లైఫోసేట్‌కి పగ్గాలేశాయి. పట్టేది సంచులు మోసే చిన్నవాళ్ళనే. ఈలోగా 2023లో జన విశ్వాస్ చట్టం పర్యావరణ చట్టంలో ఐదేళ్ళ దాకా ఉన్న జైలుశిక్ష తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల జరిమానా పెట్టింది. తాగి నడిపినవాడికి ఇంకా జైలుంది, అనుమతి లేని విత్తనం తయారుచేసినవాడికి ఈ చట్టం కింద లేదు.

మీరు రెంటినీ పోల్చారు కాబట్టి ఇంకొకటి. 2006లో వరంగల్ జిల్లాలో కోత అయిపోయిన బీటీ పత్తి చేలల్లో మేసిన గొర్రెలు వందల్లో చచ్చాయి. బీటీయే కారణమని కాపరులు, వాళ్ళతో పనిచేసే సంఘాలు అన్నాయి. అధికారులు నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాలు అన్నారు, జీఈఏసీ బీటీకి సంబంధం లేదని తేల్చింది. శాస్త్రం ప్రకారం నాకు అధికారుల మాటే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది, ఆ ప్రొటీన్ గొర్రె పేగులో పనిచేసే రకం కాదు. కానీ గొర్రె చచ్చిన పూటే కడుపులోది, కాలేయం, అది మేసిన ఆకు మూడూ సీలేసి ల్యాబ్‌కి పోయి ఉంటే ఈ వాదన ఇరవయ్యేళ్ళు నడిచేది కాదు. పాడైన నమూనా మీద ఎవరికి నచ్చింది వాళ్ళు రాసుకోవచ్చు. రోడ్డు మీద చచ్చిన డ్రైవర్ రక్తం విషయంలోనూ సరిగ్గా ఇదే జరుగుతోంది.

అందుకని 'ప్రమాదం దేంట్లో ఎక్కువ' అంటే, ప్రాణాల పరంగా తాగి నడపడమే, పోలికే లేదు. కానీ ముందు అనుమతి అడగడం రెండోదానికే సబబు, ఎందుకంటే రేపు గట్టిగా టెస్టులు పెడితే తాగుడు చావులు రేపట్నుంచే తగ్గుతాయి, పొలాల్లో కలిసిపోయిన జన్యువుని వెనక్కి పిలవలేం. కాబట్టి జీఎంకి చూపించే జాగ్రత్త తగ్గించమనడం నాకు నచ్చదు. దాన్లో పదో వంతు శ్రద్ధ పోస్టుమార్టం గదిలో ఒక బూడిదరంగు మూత సీసా మీద పెట్టమంటాను.

ఏదైనా చేద్దామనుంటే రెండు ఆర్టీఐలు వేయండి, జిల్లా ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు. ఒకటి ఎస్పీ ఆఫీసుకి: గత మూడేళ్ళలో ప్రాణాంతక ప్రమాదాల్లో ఎంతమంది డ్రైవర్ల రక్తం ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపారు, ఎన్ని రిపోర్టులు వెనక్కొచ్చాయి, ప్రమాదానికీ రక్తం తీయడానికీ మధ్య ఎన్ని గంటలు. 'తాగిన కేసులెన్ని' అని మాత్రం అడక్కండి, పాత అంకె మీ చేతిలో పెడతారు. రెండోది కలెక్టరేట్‌కి: 1989 రూల్స్ ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉండాలి, జీఎం పంటల మీద కన్నేసి ఉంచడం దాని పని. మన జిల్లాలో అది ఏర్పాటైన ఉత్తర్వు కాపీ, చివరిగా సమావేశమైన తేదీ, మినిట్స్ అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. 'మా పరిధిలో లేదు, వ్యవసాయ శాఖని అడగండి' అని వస్తే ఆశ్చర్యపోకండి, అప్పీలులో 1989 రూల్స్ కాపీ జతచేసి పంపండి.